మరక గుణమెరిగి మందు: వ్యవసాయ కుటుంబాలలో దుస్తుల సంరక్షణ

గ్రామీణ మహిళల శిక్షణ తరగతులలో మరకల తొలగింపు అందరూ ఆసక్తిగా వినే అంశం. అయితే అక్కడ సాధారణంగా అందేది చిట్కాల పట్టిక మాత్రమే. నిమ్మరసం రుద్దాలి, ఉప్పు చల్లాలి, వేడినీటిలో నానబెట్టాలి అని చెప్పి ముగిస్తాం, ఎందుకో చెప్పం. ఇనుప తుప్పును కరిగించే నిమ్మరసం నూనె మరకను ఏమీ చేయలేదు. నేతి జిడ్డును వదలగొట్టే వేడినీరే నెత్తుటి మరకను వస్త్రంలో స్థిరపరుస్తుంది. కారణం తెలియని చిట్కా ఒక ఇంట్లో ఫలించి, పక్క ఇంట్లో చీరను పాడుచేస్తుంది. కాబట్టి మరక దేనిది, పడి ఎంతసేపైంది, వస్త్రం దేనితో నేసినది అన్న మూడు ప్రశ్నలను ముందుగా వేసుకోవడం గృహిణులకు నేర్పాలి.

మూడవ ప్రశ్న విలువ మన రజకులకు తరతరాలుగా తెలుసు. నూలు బట్టలను చవుడు నీటిలో తడిపి బానలో ఉబ్బకు పెట్టేవారు. పట్టుచీరను మాత్రం ఆ బాన దరికి రానీయక కుంకుడు రసంతో ఉతికేవారు. పత్తి నూలు సెల్యులోజ్‌తో ఏర్పడినది. అది క్షారాన్ని తట్టుకుంటుంది గాని గాఢ ఆమ్లాన్ని తట్టుకోదు. పట్టు, ఉన్ని మాంసకృత్తులతో ఏర్పడినవి కావడం వల్ల చవుడు, సోడా వంటి క్షారాలకు మెరుపు తగ్గి పెళుసవుతాయి. కుంకుడులోని సాపోనిన్లు క్షారం అవసరం లేకుండానే జిడ్డును వదిలిస్తాయి.

నెత్తురు, పాలు, గుడ్డు మరకలు కూడా మాంసకృత్తులే. కోడిగుడ్డు ఉడికినప్పుడు తెల్లసొన గట్టిపడినట్లే, వేడి తగిలితే ఇవి పోగుల మధ్య గట్టిపడతాయి. ముందు చల్లని నీటిలో జాడించి, ఆ తరువాతే సబ్బు వాడాలి. నెలసరి వస్త్రాలకూ ఇదే పద్ధతి. వాటిని ఎవరి కంటా పడకుండా చీకటి మూలల్లో ఆరవేసే అలవాటు వల్ల తడి నిలిచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఎండలోనే ఆరవేయాలన్న మాటను బిడియం లేకుండా తరగతిలో చెప్పవలసి ఉంది.

పసుపు మరకపై సబ్బు రుద్దగానే ఎర్రబడడం చూసి చాలామంది కంగారు పడతారు. పసుపు నీటిలో సున్నం కలిపి పారాణి చేయడంలో జరిగేదీ ఇదే. పసుపులోని కుర్కుమిన్ క్షారంలో ఎరుపుగా, ఆమ్లంలో పసుపుగా కనిపిస్తుంది. అంటే కొత్త మరక ఏర్పడలేదు, ఉన్నదే రంగు మార్చింది. కుర్కుమిన్ నీటిలో సరిగా కరగదు గాని సూర్యకాంతికి త్వరగా విచ్ఛిన్నమవుతుంది. సబ్బుతో ఉతికి, తడిగా ఉండగానే మరక భాగం ఎండకు తగిలేలా ఆరవేసి, అవసరమైతే మరునాడు అలాగే చేస్తే తెల్లని నూలు వస్త్రంపై మరక చాలావరకు మాయమవుతుంది. ఆవకాయ మరకలో పసుపుతో పాటు నూనె, కారపు రంగు కూడా ఉంటాయి. ముందు పొడి పిండి చల్లి నూనెను పీల్పించి, సబ్బుతో జిడ్డు వదిలించిన తరువాతే ఎండకు వేయాలి.

తోటల పెంపకందారులను అన్నిటికన్నా వేధించేది అరటి పసరు. గెల కోసినప్పుడు కారే పసరు మొదట దాదాపు రంగు లేనిదే. అందులోని ఫినాలిక్ పదార్థాలు గాలిలోని ఆమ్లజనితో కలిసి, ఎంజైముల ప్రభావంతో గోధుమ రంగుకు మారి, పెద్ద అణువులుగా ముడిపడి పోగును పట్టుకుంటాయి. ఈ మార్పు జరగకముందే, అంటే తోటలోనే, మరకను నీటితో కడిగితే సగం పని పూర్తయినట్లే. జీడిపండు రసం, దానిమ్మ తొక్క, టీ మరకలలోని టానిన్ల విషయంలోనూ ఆలస్యం పనికిరాదు. ఇటువంటి బట్టలను తుప్పుపట్టిన ఇనుప బకెట్టులో నానబెట్టరాదు. టానిన్ ఇనుముతో కలిస్తే నలుపు రంగు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ పట్టించిన వస్త్రంపై, బెల్లంతో ఇనుమును పులియబెట్టిన ద్రావణంతో గీసే నల్లని గీతల రహస్యం ఇదే. వారు కోరి స్థిరపరచే రంగును మనం తెలియక బకెట్టులో తయారుచేసుకుంటున్నాం. ముదిరిన అరటి మరకను హైడ్రోజన్ పెరాక్సైడ్ కొంత పలుచబరుస్తుంది. పూర్తిగా పోతుందని మాత్రం రైతులకు మాట ఇవ్వకపోవడమే మేలు. కోత పనికి ఒక పాత జత కేటాయించుకొమ్మనడం అంతకన్నా నిజాయితీగల సలహా.

తెల్లని నూలుపై తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు పట్టించి ఎండలో ఉంచి బాగా జాడిస్తే చాలు. బ్లీచింగ్ పౌడరు తుప్పును తొలగించదు. మరక పోలేదని బ్లీచింగ్ పౌడరు మీద మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లాన్ని పోసేవారున్నారు. ఆ కలయికలో వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. గాలి ఆడని స్నానపు గదిలో ప్రాణాంతకం కాగలదు. ట్రాక్టరు గ్రీజుకు కిరోసిన్, పెట్రోలు వాడే అలవాటు కూడా నిప్పుతో చెలగాటమే. టాల్కం పొడి చల్లి జిడ్డును పీల్పించి, పాత్రలు తోమే ద్రవ సబ్బుతో రుద్దితే చాలావరకు వదులుతుంది.

ఇవన్నీ కంటికి కనిపించే మరకలు. కనిపించని మరక పురుగుమందుది. పిచికారీ చేసిన వ్యక్తి చొక్కాను ఇంటిల్లిపాది బట్టలతో, పసిపిల్లల బట్టలతో కలిపి నానబెడితే మందు వాటికీ అంటుకుంటుంది. ఉతికే పని ఎక్కువగా స్త్రీలదే కాబట్టి పొలంలో అడుగుపెట్టని గృహిణి చేతులకూ మందు చేరుతుంది. వాసన లేదంటే మందు లేదని కాదు. ఆ దుస్తులను విడిగా ఉంచి, అదే రోజు, రబ్బరు తొడుగులు ధరించి ఉతకాలి. ముందు నీటితో ఒకసారి జాడించి, తరువాత వేడినీరు, డిటర్జెంటుతో ఉతకాలి. నూనె ఆధారిత ద్రవ మందులు నీటిలో కలిపే పొడి మందులకన్నా మొండిగా పట్టుకుంటాయి. వాటికి రెండుమూడు ఉతుకులు అవసరం. నీరు కలపని గాఢ మందు ఒలికి తడిసిన బట్టను ఉతకడానికి ప్రయత్నించక పారవేయాలి. పాత చొక్కా పోతుందని సంకోచించే సందర్భం కాదిది.

ఇక్కడ గంజి పెట్టే మన అలవాటు అక్కరకొస్తుంది. గంజి పొర మందును తనలో పట్టి ఉంచి, ఉతికినప్పుడు దానితో సహా నీటిలో కలిసిపోతుందని వస్త్ర శాస్త్ర పరిశోధనలలో తేలింది. అందువల్ల పిచికారీ దుస్తులకు ప్రతి ఉతుకు తరువాత గంజి పెట్టడం ఖర్చులేని అదనపు రక్షణ; తొడుగులకు, ముఖ కవచానికి అది ప్రత్యామ్నాయం మాత్రం కాదు. ఉతికిన తొట్టెను సబ్బుతో కడిగి, ఆ నీటిని చెరువులో గాని పశువులు తాగే చోట గాని పోయక, బావికి దూరంగా వదలాలి. దుస్తులను ఎండలో ఆరవేసి, ఇంటి బట్టల పెట్టెలో కాకుండా వేరుగా వేలాడదీయాలి.