డాబా మీద తీసివేత లెక్క

దేవరకొండలోనో మిర్యాలగూడలోనో ఏ డాబా ఎక్కినా ఒకటి రెండు డిష్‌లు కనిపిస్తాయి. డీడీ ఫ్రీ డిష్‌దైతే ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న జీశాట్-15 మీద దాని గురి. బిగించే కుర్రాడు డిష్‌ను సర్ది, కిందికి దిగి, సెట్‌టాప్ బాక్స్ మెనూలో ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ అన్నచోట 9750–10600 పెడతాడు. ఎందుకని అడిగితే, "అట్లనే పెట్టాలె సార్" అంటాడు. పెట్టాల్సింది అదే, కానీ దాని వెనక ఒక లెక్క ఉంది.

ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ 11 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు ఇంట్లోకి దింపితే దారిలో కేబులే మింగేస్తుంది. అందుకే డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీలో లోకల్ ఆసిలేటర్ అనే చిన్న సర్క్యూట్ తన సొంత తరంగాన్ని పుట్టించి, వచ్చినదానితో కలుపుతుంది. ఆ రెంటి తేడాయే కిందికి దిగుతుంది. 11090 మెగాహెర్ట్జ్‌లోంచి 9750 తీసేస్తే 1340. బాక్స్ అందుకోగలిగేది సుమారు 950 నుంచి 2150 దాకా కాబట్టి సరిపోయింది. 11700 దాటిన చానళ్లకైతే బాక్స్ అదే కేబుల్ మీద 22 కిలోహెర్ట్జ్ సంకేతం పంపుతుంది, ఎల్‌ఎన్‌బీ 10600కు మారుతుంది.

మెనూలో ఒక్క 10600 మాత్రమే పెట్టారనుకోండి. అదే 11090కి బాక్స్ లెక్కలో 490 వస్తుంది, అది దాని పరిధిలోనే లేదు. మెనూలో పెట్టే అంకె ఎల్‌ఎన్‌బీని మార్చదు, పైన ఏ రకం ఉందో బాక్స్‌కు చెబుతుంది, అంతే. ఇది తెలియక డిష్‌ను తిప్పి తిప్పి ఉన్న గురి కూడా పోగొట్టుకుంటారు.

కేబుల్ ఆపరేటర్ల పెద్ద డిష్‌లకు సీ-బ్యాండ్‌లో 5150 పెడతారు. అక్కడ ఆసిలేటరే పైన, సిగ్నల్ కింద. 3840 కాస్తా 1310 అవుతుంది, 3940 అయితే 1210. వరస తలకిందులు.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి 2016లో రంగారెడ్డికి వెళ్లిన షాద్‌నగర్‌లోనూ ఇదే తీసివేత. అక్కడ జాతీయ దూర సంవేదన కేంద్రం ఏడున్నర మీటర్ల యాంటెన్నాలు భూపరిశీలక ఉపగ్రహాల చిత్రాలను 8 గిగాహెర్ట్జ్ దగ్గర అందుకుంటాయి. ఆ సిగ్నల్‌ను 720 మెగాహెర్ట్జ్‌కు దించి రిసీవర్‌కిస్తారు. కాకపోతే ఈ ఉపగ్రహాలు జీశాట్‌లా ఒకచోట నిలవవు. సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పది పదిహేను నిమిషాల్లో ఆకాశం దాటేస్తాయి. దగ్గరికొస్తున్నప్పుడు ఫ్రీక్వెన్సీ 180 కిలోహెర్ట్జ్ దాకా పెరిగి కనిపిస్తుంది, దూరమవుతుంటే అంతే తగ్గుతుంది. రిసీవర్ ఆ జరుగుడును వెంటాడుతూ పోవాలి.

విచిత్రమేమిటంటే, మన డాబా మీది ఎల్‌ఎన్‌బీ అంతకంటే ఎక్కువే తప్పుతుంది. నల్లగొండ మే ఎండకు కాగిన మామూలు ఆసిలేటర్ 9750 నుంచి ఒక మెగాహెర్ట్జ్ అటో ఇటో జరగడం మామూలే. ఫ్రీ డిష్ సిగ్నల్ దాదాపు 30 మెగాహెర్ట్జ్ వెడల్పు, కాబట్టి బాక్స్ సర్దుకుంటుంది. ఒకటి రెండు మెగాహెర్ట్జ్ వెడల్పుండే సన్నటి సిగ్నళ్లు మాత్రం మధ్యాహ్నం పూట చేజారిపోవచ్చు. వాటి కోసమే క్రిస్టల్‌తో అదుపులో ఉంచే పీఎల్‌ఎల్ రకం ఎల్‌ఎన్‌బీలు దొరుకుతాయి. టీవీ చూడటానికి అవి అక్కర్లేదు.