కొబ్బరినూనె సీసా

మిరపకాయలు కోసిన చేతుల్ని ఎన్ని నీళ్లతో కడిగినా మంట తగ్గదు. నూనె రాయాలి. కాయలోని కారం నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో కరగదు. ఈ సంగతి నాకు నేర్పింది ఒక కన్యస్త్రీ.

మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. అప్పుడు నేను నాలుగో తరగతి. సంక్రాంతి వెళ్లగానే కోతలు. అమ్మతో కలిసి చీకటితో చేలోకి పోయి, రెండు సాళ్లు కోసి, గంట కొట్టే వేళకి బడికి పరిగెత్తేదాన్ని. ఒకరోజు మండే చెయ్యి కంటికి తగిలింది. పలక కింద పడేసి గుక్కపెట్టి ఏడ్చాను.

మా బడి సిస్టర్ నన్ను వరండాలోకి తీసుకెళ్లి కూచోబెట్టారు. బీరువాలోంచి కొబ్బరినూనె సీసా తెచ్చారు. ఒక్కొక్క వేలూ పట్టుకుని, గోళ్ల సందుల్లోకి నూనె ఇంకేలా రాసి, పాత గుడ్డతో తుడిచారు. మళ్లీ రాశారు, మళ్లీ తుడిచారు. ఆ తర్వాత సబ్బుతో కడిగారు. లోపల నలభై మంది పిల్లలు గోల చేస్తున్నా ఆమె తొందరపడలేదు. చివరికి బలపం చేతికిచ్చి, "ఇప్పుడు 'క్ష' రాయమ్మా" అన్నారు. రాశాను. వంకరగానే వచ్చింది. నా చెయ్యి పట్టుకుని దిద్దించారు.

ఆమెకు కోపం రాదని కాదు. లెక్కలు చెయ్యకపోతే మోకాళ్ల మీద నిలబెట్టేవారు. కానీ కోతల రోజుల్లో ఆలస్యంగా వచ్చిన పిల్లని ఒక్క మాట అనేవారు కాదు. కర్నూలు వైపు నుంచి కోతలకి వచ్చిన కుటుంబాలు చేల గట్ల మీద గుడారాలేసుకుని ఉండేవి. సాయంత్రం బడి వదిలాక సిస్టర్ అక్కడికి నడిచి వెళ్లేవారు. "మీ పిల్లని రెండు నెలలైనా నా దగ్గర కూచోబెట్టండి" అని తల్లుల్ని బతిమాలేవారు. కొందరు పంపేవాళ్లు, కొందరు పంపలేకపోయేవాళ్లు. పిల్ల కోసే కాయకీ కూలొస్తుంది మరి. ఆ లెక్క సిస్టర్‌కి తెలుసు. అందుకే ఆమె వాళ్లని తప్పుపట్టడం నేనెప్పుడూ వినలేదు.

సిస్టరంటే మాకు ఆ రోజుల్లో తెల్లచీర, మెళ్లో సిలువ, అంతే. పెద్దయ్యాకే ఆ బతుకు అర్థమైంది. మఠంలో అడుగుపెట్టిన అమ్మాయి కొన్నేళ్ల శిక్షణ తర్వాత మూడు మాటపట్టులు చేస్తుంది: పేదరికం, కన్యాత్వం, విధేయత. మొదట కొంతకాలానికి, తర్వాత జీవితాంతానికి. పేదరికమంటే ఆమె జీతం ఆమెది కాదు, మఠానిది. చీర కొనాలన్నా, అమ్మని చూడ్డానికి బస్సెక్కాలన్నా పెద్ద సిస్టర్‌ని అడగాల్సిందే. తెల్లవారకముందే ప్రార్థన, పూజ, తర్వాత బడి, రాత్రి మళ్లీ ప్రార్థన. ఈ మధ్యలో మా పలకలు.

ఇదంతా తెల్లదొరసానులు తెచ్చిన పద్ధతే అనుకునేదాన్ని చాలాకాలం. అలా అనుకోడానికి కారణమూ ఉంది. జేఎంజే (జీసస్, మేరీ, జోసెఫ్) సభ సిస్టర్లు హాలండ్ నుంచి గుంటూరు వచ్చింది 1904లో. ఆ సభలోనే చేరిన ఆస్ట్రేలియా డాక్టరు మేరీ గ్లౌరీ 1920లో వచ్చి ఇక్కడి ఆడవాళ్లకి వైద్యం చేసింది. వాళ్ల రుణం తీరేది కాదు. కానీ వాళ్లకి నలభై ఏళ్ల ముందే మా ఫిరంగిపురం ఆడకూతురు ఒకావిడ ఆ దారి తొక్కింది.

ఆవిడ పేరు జ్ఞానమ్మ. 1822లో పుట్టింది. పెళ్లయింది, ఐదుగురు కొడుకులు పుట్టారు, భర్త పోయాడు. ఆ కాలంలో వితంతువు అంటే మూలన కూచోవాల్సిన మనిషి. జ్ఞానమ్మ కూచోలేదు. ఇప్పుడు తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో ఉన్న కీళచ్చేరిలో, మన తెలుగు కథోలిక కుటుంబాలు వలసపోయి స్థిరపడిన ఊళ్లో, 1863లో ఆడపిల్లలకి బడి పెట్టింది. వీరేశలింగంగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచింది 1874లో. పోలికకి చెప్పడం లేదు, ఆవిడ ఎంత ముందు బయల్దేరిందో తెలియాలని చెబుతున్నాను.

ఆ బడి చుట్టూనే పునీత అన్నమ్మ పేరు మీద కన్యస్త్రీల సభ ఏర్పడింది. మద్రాసు వైపు ఒకటి, పుట్టింటి ఫిరంగిపురంలో ఇంకొకటి, రెండు సభలకీ మూలం ఆవిడే. 1874లో కన్నుమూసింది. 2014లో ఆవిడని దైవసేవకురాలిగా ప్రకటించారు. పునీతురాలు కావడానికి అది మొదటి మెట్టు. రోము ఏ మెట్టు మీద నిలబెట్టినా, నాకు మాత్రం ఆవిడ ముందు పిల్లల తల్లి. తన పిల్లల ముక్కులు తుడిచిన చేత్తోనే ఊరి ఆడపిల్లలకి అక్షరాలు దిద్దించింది. మేరీమాతకి తల్లి అయిన అన్నమ్మ పేరు ఆ సభకి ఎంత చక్కగా కుదిరిందో! కూతురికి చదువు చెబుతున్న అన్నమ్మ పటాలు మీరూ చూసే ఉంటారు, తల్లి ఒళ్లో పుస్తకం, పక్కన చిన్న మేరీ.

జ్ఞానమ్మ కథ మాకు చెప్పింది కూడా ఆ సిస్టరే. "ఐదుగురు బిడ్డల్ని సాకి, ఆ పైన బడి పెట్టిందే తల్లీ! మీకు ఒక్క ఎక్కం రావడానికి ఇంత బద్ధకమా?" అనేవారు.

నేను ఐదులోకి వచ్చేసరికి ఆమెకి బదిలీ అయింది. విధేయత అంటే ఏమిటో ఆ రోజు కళ్లతో చూశాను. కబురు వచ్చిన నాలుగో రోజు పొద్దున బస్టాండులో ఉన్నారు. సామానంతా ఒక్క రేకుపెట్టె. మేం ఏడుస్తుంటే తలలు నిమిరారు, బస్సెక్కారు, కిటికీలోంచి చెయ్యూపారు. ఎక్కడికని అడిగితే ఒంగోలు అవతల ఏదో పల్లె పేరు చెప్పారు. నాకు గుర్తులేదు.

మళ్లీ జనవరి వచ్చింది. కొత్త సిస్టర్ బీరువా సర్దుతూ అడుగున కాస్త మిగిలిన సీసా బయటికి తీసి, "ఈ నూనె ఇక్కడెందుకుందమ్మా?" అన్నారు. నేను లేచి వెళ్లి చెయ్యి చాపాను.