వచ్చు–రాడు తెలిసినవాళ్లకు గో–వెంట్ కొత్తేం కాదు

కొరాపుట్ జిల్లాలో జయపురం నుంచి జగదల్‌పూర్ వెళ్లే దారిలో ఉన్న కొట్పాడ్ పేరు బయటి లోకానికి తెలిసింది అక్కడి నేత వల్లే. మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరుతో నూలుకు ఎరుపు, ముదురు గోధుమ రంగులు ఎక్కించి నేసే ఆ బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పనంతా ఊరు కాని ఊరి కొనుగోలుదారుకు ఇంగ్లీషులో వివరించాల్సి వచ్చిందనుకుందాం. నూలు కొన్నాం అనబోతేనే బై కాస్తా బాట్ అయింది. వేరు తవ్వాం అంటే డిగ్ మారి డగ్ అయింది. ఎండబెట్టాం, దంచాం, నానబెట్టాం, ఉతికాం, ఉడకబెట్టాం, రంగు వేశాం అన్నవి మాత్రం డ్రైడ్, పౌండెడ్, సోక్డ్, వాష్డ్, బాయిల్డ్, డైడ్ అంటూ చివర ఈడీ తగిలించుకుని బుద్ధిగా నడిచాయి. (వాష్డ్ అని రాసినా నోట పలికేది వాష్ట్ అనే, బుద్ధిమంతుల్లోనూ చిన్న చిన్న మెలికలున్నాయి.) కండెకు చుట్టాం అనేసరికి మళ్లీ తిరకాసు: వైండ్, వౌండ్. నేశాం అంటే వోవ్, నేసిన బట్ట అంటే వోవెన్. అమ్మాం అంటే సోల్డ్. పదకొండు క్రియల్లో అయిదు దారి తప్పాయి. తప్పినవి ఏవో అరుదైన మాటలు కావు, కొనడం, అమ్మడం, నేయడం!

ఈ దారి తప్పిన క్రియలనే బడిలో ఇర్రెగ్యులర్ వెర్బ్స్ అంటారు. వాటిని నేర్పే పద్ధతి మద్రాసు నుంచి భువనేశ్వర్ దాకా ఒకటే. వీ వన్, వీ టూ, వీ త్రీ అని మూడు నిలువు గళ్లు గీసి, అక్షర క్రమంలో పేర్చి, ఎక్కాల్లా వల్లె వేయించడం. ఆ పట్టిక చాలాసార్లు అబైడ్, అరైజ్, అవేక్ అంటూ మొదలవుతుంది. కమ్, గో, సే లాంటివి చేరేలోపు పిల్లవాడు జీవితంలో ఎన్నడూ వాడబోని మాటలు నాలుగైదు మింగేసి ఉంటాడు. మధ్యలో ఫర్‌సేక్–ఫర్‌సుక్, స్లే–స్లూ–స్లెయిన్ కూడా అదే హోదాలో కూర్చుంటాయి. తప్పు వల్లె వేయించడంలో కన్నా ఆ వరసలో ఎక్కువ ఉందని నా వాదన. అక్షర క్రమం నిఘంటువుకు పనికొస్తుంది గానీ నోటికి పనికిరాదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ఈ క్రియలు ఒక పద్ధతీ పాడూ లేకుండా పుట్టాయనీ, ఒక్కొక్కదాన్నీ విడిగా మోయక తప్పదనీ ఆ పట్టిక నమ్మిస్తుంది. రెండూ నిజం కావు.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో వీటిలో చాలా వాటికి నియమం ఉండేది. మాట చివర ఏమీ చేర్చకుండా లోపలి అచ్చును మార్చి భూతకాలం చెప్పడమే ఆ నియమం. సింగ్–సాంగ్–సంగ్, రైడ్–రోడ్–రిడెన్ ఆ పాత కట్టుబాటుకు మిగిలిన ఆనవాళ్లు. అలాంటి క్రియలను వ్యాకరణవేత్తలు ఏడు తరగతులుగా విడదీశారు. చివర ఈడీ చేర్చే పద్ధతి వాటి తర్వాత పుట్టి, మెల్లమెల్లగా పాతవాటిని తనలో కలుపుకుంటూ వచ్చింది. హెల్ప్‌కు ఒకప్పుడు భూతకాలం హోల్ప్, ఇప్పుడు హెల్ప్డ్. ఏది లొంగింది, ఏది లొంగలేదు అన్నదానికి కారణం వెతుకుతూ ఎరెజ్ లీబర్‌మన్, ఆయన సహచరులు 2007లో నేచర్ పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. పాత ఇంగ్లీషులోని 177 క్రమం తప్పిన క్రియలను తీసుకుని చూస్తే, మధ్యయుగానికి 145, నేటికి 98 మిగిలాయి. ఏది తక్కువగా వాడకంలో ఉందో అది త్వరగా లొంగింది. వంద రెట్లు తక్కువగా వాడే క్రియ పది రెట్లు త్వరగా ఈడీ గూట్లోకి చేరుతుందన్నది వారు తేల్చిన సూత్రం. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే బి, హావ్, డూ, గో, సే, గెట్ లాంటి పది క్రియలూ క్రమం తప్పినవే కావడం కాకతాళీయం కాదన్నమాట. రోజూ నోట్లో నానుతున్న మాటను మార్చే అవసరం ఎవరికీ రాలేదు. ఏడాదికోసారి గుర్తుచేసుకునే మాటకు పాత రూపం మరిచిపోయి, కొత్త నియమం తగిలించేశారు.

ఇది ఇంగ్లీషు వాళ్ల వింత అనుకుంటే మన మాటను మనం వినలేదన్నట్టే. గుచ్చు అనే క్రియ చూడండి: గుచ్చాడు, గుచ్చడు. పేచీ లేదు. అదే అచ్చులో పోతపోసినట్టున్న వచ్చు తీసుకుంటే వచ్చాడు సరే, కాదనాలంటే వచ్చడు అనరు, రాడు అంటారు. పిలవాలంటే రా. తెచ్చాడు అంటారు, కాదంటే తేడు. ఇచ్చాడు అంటారు, కాదంటే ఇవ్వడు. చచ్చాడు అంటారు, కాదంటే చావడు. రావడం, ఇవ్వడం, తేవడం పూటపూటా నోట్లో నలిగే పనులు. గుచ్చడం ఎప్పుడో అవసరమైతే చేసేది. వాడకం ఎక్కువున్న చోటే క్రమం తప్పడం నిలిచిందనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కరలేదు. తమిళంలో వా–వందాన్, కన్నడంలో బా–బందను కూడా ఇదే వరస తప్పిన క్రియ. భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషలను పోల్చి చూసి, ఈ ‘రా’ ధాతువు మూల ద్రావిడంలోనే రెండు రూపాల్లో ఉండేదని చూపారు. అంటే వేల ఏళ్లుగా దీన్ని దిద్దాలని ఎవరికీ అనిపించలేదు. కొరాపుట్, రాయగడల్లో తెలుగు కుటుంబాల పిల్లలకు మరో సాక్ష్యం బడిలోనే దొరుకుతుంది. ఒడియాలో ‘వెళతాను’కు జిబి, ‘వెళ్లాను’కు గలి. జకారం ఎక్కడ, గకారం ఎక్కడ? హిందీ జానా–గయా కూడా అంతే. రెండు వేరు వేరు ధాతువులు కలిసి ఒకే క్రియగా కాపురం చేస్తున్నాయి. గో–వెంట్ కథ అచ్చంగా ఇదే. వెంట్ అసలు వెండ్ అనే మరో క్రియకు భూతకాలం, గో దాన్ని సొంతం చేసుకుంది. జిబి–గలి తడుముకోకుండా పలికే పిల్లకు గో–వెంట్ ఎందుకు వింతగా తోచాలి?

క్రమం తప్పినవి కూడా ఒంటరిగా తిరగవు. తిను–తిన్నాడు–తింటాడు తెలిసినవాడికి విను, కను, కొను, అను ఎవరూ నేర్పనక్కరలేదు. చేయు–చేశాడు వచ్చినవాడికి వేయు, కోయు, తీయు, మోయు వచ్చేసినట్టే. ఇంగ్లీషులోనూ అలాంటి కుటుంబాలే ఉన్నాయి. కీప్–కెప్ట్, స్లీప్–స్లెప్ట్, ఫీల్–ఫెల్ట్, లీవ్–లెఫ్ట్ ఒక ఇల్లు. చివర హల్లు వచ్చి చేరేసరికి లోపలి దీర్ఘం కుదించుకుపోయింది. సెండ్–సెంట్, స్పెండ్–స్పెంట్, బిల్డ్–బిల్ట్ ఇంకో ఇల్లు. నో–న్యూ–నోన్, గ్రో–గ్రూ–గ్రోన్, త్రో–త్రూ–త్రోన్ మరొకటి. కట్, పుట్, హిట్, షట్ అసలే మారవు, ఎందుకంటే చివరి టకారంలో భూతకాలపు టకారం కలిసిపోయింది. వీవ్–వోవ్–వోవెన్ కూడా స్పీక్–స్పోక్–స్పోకెన్, బ్రేక్–బ్రోక్–బ్రోకెన్ ఇంటిదే. ఈ ఇళ్లకు ఇప్పటికీ బలం ఉందనడానికి రెండు తిరగబడ్డ క్రియలున్నాయి. డిగ్‌కు ఒకప్పుడు డిగ్డ్ అనే క్రమమైన రూపం ఉండేది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో అదే కనిపిస్తుంది. తర్వాత అది డగ్ అయింది. వేర్ (తొడుక్కోవడం) పాత ఇంగ్లీషులో క్రమమైన క్రియే. బేర్–బోర్–బోర్న్ సహవాసంతో వోర్, వోర్న్ అయింది. నియమం నుంచి బయటికి వచ్చి కుటుంబంలో చేరాయంటే, కుటుంబం చచ్చిన వస్తువు కాదనేగా.

దీనికి మొదటి అభ్యంతరం పాత టీచర్ల నుంచి వస్తుంది. తరతరాలుగా వల్లె వేసినవాళ్లే కలెక్టర్లూ డాక్టర్లూ అయ్యారు కదా అని. అయ్యారు, కాదనను. నోటికి రావడం చెడ్డ విషయం ఏమీ కాదు, పైగా ఈ క్రియలకు మరో దారి కూడా లేదు. ఏదో ఒక దశలో వెంట్ అనేది వెంట్‌గానే బుర్రలో కూర్చోవాలి. కాని వల్లె వేసినవాళ్లలో నెగ్గినవాళ్లను మాత్రమే లెక్కపెడుతున్నాం. పట్టిక అప్పజెప్పి, మాట్లాడాల్సి వచ్చినప్పుడు ‘యెస్టర్‌డే ఐ గో’ అనేవాళ్లు ఏ ఊళ్లోనైనా కోకొల్లలు. వాళ్లకు వెంట్ తెలుసు. గో పక్కన వరసలో తెలుసు, వాక్యంలో తెలియదు. గ్యారీ మార్కస్ బృందం 1992లో ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లల మాటలను పరిశీలించి, వాళ్లు కమ్డ్, గోడ్ లాంటి తప్పులు క్రమం తప్పిన క్రియల భూతకాల రూపాల్లో సగటున నాలుగు శాతం దాకా చేస్తారని చూపింది. అంతకుముందు కేమ్ అని సరిగ్గా అన్న పిల్లే తర్వాత కమ్డ్ అంటుంది. అప్పటికి ఆమె నియమం కనిపెట్టిందన్నమాట. కాబట్టి కొట్పాడ్ తరగతిలో గోడ్ అన్న పిల్లవాడికి బెత్తం చూపించే ముందు ఆగాలి. వాడు నిన్నటికన్నా ఒక మెట్టు పైనున్నాడు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. లండన్ పిల్ల రోజంతా ఇంగ్లీషు వింటుంది, వాడకమే దానికి గురువు. కొట్పాడ్ పిల్లకు బజారులో దేశియా, బడిలో ఒడియా, కొందరికి ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు చెవిన పడేది ఎంతసేపు? పట్టిక కాక గతేముంది? నిజమే, వాడకం దానంతట అది దొరకదు. దొరకని చోట తయారుచేయాలి, తయారుచేసేది తక్కువ కాబట్టి ఏరుకుని చేయాలి. అక్కడే అక్షర క్రమం దెబ్బతీస్తుంది. వారానికి రెండు గంటలే ఉన్నప్పుడు అబైడ్‌కు నిమిషం ఇవ్వడం కమ్ దగ్గర దొంగిలించడమే. ముప్ఫై నలభై క్రియలు, కొనడం అమ్మడం తవ్వడం నేయడం లాంటివి, ఊళ్లో జరిగిన సంగతులు చెప్పే వాక్యాల్లో మళ్లీ మళ్లీ తగిలేలా చేస్తే చాలు. ఈ ప్రాంతానికి ఇది కొత్త మాట కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా కొరాపుట్ విశాఖపట్నం జిల్లాలో భాగం. దాని పొరుగున అప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి, చదవడానికి ఒక్క పుస్తకమూ లేని సవర భాషను మనిషి నోటి నుంచి విని నేర్చుకుని, 1931లో దాని మీద పుస్తకం అచ్చువేయించాడు. ఆ భాష నేటికీ రాయగడ జిల్లా గుణుపురం కొండల్లో వినిపిస్తుంది. ఆయన వాడుక భాష కోసం పోరాడడానికి ప్రేరణ ఇచ్చిన సంభాషణల్లో, యేట్స్ అనే ఇంగ్లీషు స్కూళ్ల అధికారి తెలుగు నేర్చుకోబోయి పడిన తికమక ఒకటి. పుస్తకంలో ఒకటీ నోట ఒకటీ అయితే భాష ఎలా పట్టుబడుతుందన్నది ఆ దొరగారి గోడు. మన పిల్లలకు ఇంగ్లీషు విషయంలో ఆ గోడు ఇంకా తీరలేదు.

తరగతిలో తెలుగు, ఒడియా, కువి, దేశియా మాట్లాడే పిల్లలు కలిసి కూర్చున్నప్పుడు ఏ మాతృభాషతో పోల్చి చెప్పాలి అని అడగవచ్చు. ఏదో ఒకదానితో, పిల్లలనే అడిగి. కువి తెలుగుకు చుట్టమే, ద్రావిడంలో ఒకే శాఖ. మీ మాటలో ‘వచ్చాడు’కు ఏమంటారు, ‘రాడు’కు ఏమంటారు అని అడిగితే పావుగంటలో బోర్డు నిండుతుంది. తెలుగు పిల్లకైతే దీనివల్ల మరో లాభం ఉంది. మన దేశమంతటా పాతుకుపోయిన తప్పు ‘డిడ్ నాట్ వెంట్’. తెలుగులో వచ్చాడు అనేదాన్ని కాదనాలంటే ‘వచ్చాలేదు’ అనం, రాలేదు అంటాం. క్రియ తన మూలరూపానికి దిగిపోయి భూతకాలాన్ని లేదుకు అప్పగిస్తుంది. కేమ్ అయితే డిడ్ నాట్ కమ్ అన్నది అక్షరాలా ఇదే అమరిక. ఒడియాలో ‘గలి నాహిఁ’ అని భూతరూపాన్ని ఉంచేయడమూ ఉంది కనుక, ఒడియా వాక్యాన్ని ఇంగ్లీషులోకి దించేవాడికి వెంట్ పక్కన నాట్ పెట్టాలనిపించడం సహజం. కొరాపుట్ తెలుగు పిల్లకు రెండు దారులూ తెలుసు. ఏ దారి ఎక్కడికి పోతుందో చెప్పే మనిషే ఉండటం లేదు.

కుటుంబాలు మోసం చేయవా అంటే, చేస్తాయి. సింగ్–సాంగ్ చూసి బ్రింగ్–బ్రాంగ్ అనబోతే తప్పు. అది బ్రాట్, థింక్–థాట్, బై–బాట్ ఇంటికి పోయింది. ఫ్లింగ్ ఇంకోలా ఫ్లంగ్. అందుకే ఇంటిపేరుతోపాటు ఇల్లు మారినవాళ్ల పేర్లూ చెప్పాలి, అది టీచరుకు అదనపు శ్రమే. ఆ శ్రమకు ప్రతిఫలం దక్కనివ్వకుండా చేస్తున్నది మాత్రం ప్రశ్నపత్రం. ఖాళీ గీసి పక్కన వీ వన్ ఇచ్చి పూరించమనే పరీక్షలో అరైజ్‌కూ గోకూ మార్కు ఒకటే. బజారుకు వెళ్లి ఏం కొన్నావో నాలుగు వాక్యాలు రాయమని అదే మార్కులు ఇస్తే పట్టిక వరస దానంతట అదే మారుతుంది. అప్పటిదాకా ఏ టీచరుకైనా అబైడ్‌తో మొదలుపెట్టడమే క్షేమం.