అమరావతి స్తూప చిత్రాలు

అమరావతి స్తూప చిత్రాలు అనగా ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా అమరావతిలో గల బౌద్ధ మహాస్తూపం శిల్పాలను కర్నల్ కాలిన్ మెకంజీ చిత్రకారులు 1816, 1817 సంవత్సరాల ప్రాంతంలో చూచి గీసిన చిత్రాలు. వీటి సంపుటి ఒకటి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రపరచబడి ఉన్నది. ఇందులోని శిల్పాలలో కొన్ని తరువాతి కాలంలో అదృశ్యమైనవి. అట్టి వాటికి ఈ చిత్రాలే ఆధారం.

నేపథ్యం

ఈ స్తూపం క్రీస్తుపూర్వం ఆరంభమై శాతవాహనుల కాలంలో విస్తరించినది. 18వ శతాబ్దం చివర జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించినపుడు, దీపాలదిన్నె అనే దిబ్బను రాళ్ళ కొరకు తవ్వించారు. శిల్పాలున్న సున్నపురాతి పలకలు కట్టడాలలో వాడబడినవి. కొన్ని కాల్చి సున్నం చేయబడినవి. మెకంజీ 1798లో ఈ స్థలాన్ని దర్శించాడు. సర్వేయర్ జనరల్ అయిన పిదప 1816లో తిరిగి వచ్చి, చిత్రకారులను నియమించాడు.

చిత్రించిన విధానం

చిత్రకారులు పలకలను చూచి పెన్సిలుతోను, సిరాతోను గీసి నీడలు దిద్దారు. పలు చిత్రాలపై గీసినవారి పేరు, తేదీ కనిపిస్తాయి. దిబ్బ ప్రణాళిక 1817లో తయారైనది. స్తూపాన్నే చెక్కిన పలకల చిత్రాలు, ఆ కట్టడపు పూర్వరూపాన్ని ఊహించుటకు పరిశోధకులకు తోడ్పడినవి.

గ్రీకు చిత్రాలతో పోలిక

ఐరోపాలో ఇట్టి కృషి అంతకు ముందే జరిగినది. జేమ్స్ స్టూవర్ట్, నికొలస్ రెవెట్ 1751లో ఏథెన్స్ చేరి, ప్రాచీన కట్టడాలను కొలిచి గీశారు. ఆ చిత్రాలు రాగిరేకులపై చెక్కి ముద్రించబడి, 1762లో మొదటి సంపుటంగా వెలువడినవి. అందులో ఉన్న ఇలిస్సస్ నదీతీరపు ఆలయం 1778 ప్రాంతంలో కూల్చివేయబడినది. దాని రూపం ప్రధానంగా ఆ ముద్రిత చిత్రాల వలననే నేడు తెలియుచున్నది.

ఏథెన్స్ చిత్రాలు అచ్చయి ఐరోపా అంతటా వ్యాపించగా, అమరావతి చిత్రాలు చాలాకాలం చేతివ్రాత సంపుటాలలోనే ఉండిపోయినవి. మెకంజీ 1821లో మరణించాడు. 1868లో జేమ్స్ ఫెర్గూసన్ తన గ్రంథంలో అమరావతి శిల్పాల చిత్రాలను ముద్రించుటతో అవి విస్తృతంగా తెలియవచ్చినవి.

ప్రాముఖ్యం

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు 1859లో లండన్‌కు పంపబడి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోను అమరావతి శిల్పాలు గలవు. ఈ రెండింటిలోనూ కనబడని పలకలను, 1817 నాటికి అవి ఉన్న స్థితిలో చూడగోరువారికి మెకంజీ చిత్రాలే శరణ్యం.