వానదారిలో పందెం: ముందుకు సాగడమా, ఆగిపోవడమా?

ట్యాంక్‌బండ్ దిగువనున్న దోమలగూడకు వర్షాకాలపు ఉదయాలు కొత్త కావు. చినుకు కాస్త ఆగితే చాలు, ఇందిరా పార్కులో నడక మొదలవుతుంది. ఎందరో వ్యాయామోపాధ్యాయులను తీర్చిదిద్దిన ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల కూడా ఈ పేటలోనే ఉంది. ఇలాంటి చోట పెరిగిన కుర్రవాడొకడు ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, ''అమ్మీ! ఆదివారం ట్రయాథ్లాన్‌కు పేరిచ్చాను. చెరువులో ఈత, కొండదారిలో సైకిలు, ఆ తరువాత పరుగు'' అన్నాడనుకుందాం. కిటికీ బయట కురుస్తున్న వానను చూస్తూ ఆ తల్లి, ''ఇంత వానలోనా బేటా?'' అని అడగక మానదు.

ఆమె ప్రశ్నను పిరికితనమని కొట్టిపారేయరాదు. కుర్రవాని ఉత్సాహాన్ని మొండితనమని తోసిపుచ్చనూరాదు. ఈ రెంటి నడుమ సరైన నిర్ణయానికి రావాలంటే ముందుగా ఆ క్రీడ స్వభావాన్ని తెలుసుకోవాలి.

ఈత, సైకిలు, పరుగు అనే మూడింటినీ విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తిచేయడమే ట్రయాథ్లాన్. 1978లో హవాయిలోని ఒవాహు ద్వీపంలో జరిగిన తొలి 'ఐరన్‌మ్యాన్' పోటీలో 15 మంది బయలుదేరగా 12 మంది గమ్యం చేరారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు స్థానం లభించింది. రహదారిని విడిచి మట్టిబాటలను, రాళ్ల దారులను ఆశ్రయించే శాఖ వేరుగా ఎదిగింది. 1996లో మావీ ద్వీపంలో మొదలై 'ఎక్స్‌టెర్రా'గా పేరొందిన పోటీలు దానికి ప్రపంచవ్యాప్త గుర్తింపు తెచ్చాయి. ఇందులో ఈత సాధారణంగా ఒకటి, ఒకటిన్నర కిలోమీటర్లు ఉంటుంది. ఆ తరువాత కొండ సైకిలుపై ఇరవై, ముప్పై కిలోమీటర్లు, చివర పది కిలోమీటర్ల లోపు పరుగు. దూరం కన్నా దారే అసలు పరీక్ష. వాన కురిస్తే ఆ పరీక్ష ప్రశ్నలే మారిపోతాయి.

మొదటిది నీటి పరీక్ష. ఉరుము వినిపించిందంటే నీటిలో ఉండరాదు. చివరి ఉరుము తరువాత కనీసం 30 నిమిషాలు వేచి చూడాలన్నది భద్రతా నిపుణుల నియమం. కంటికి కనిపించని ప్రమాదం మరొకటి ఉంది. వాన నీరు వీధులను, పొలాలను కడిగి తెచ్చే మాలిన్యంతో పాటు ఎలుకలు, పశువుల మూత్రం కూడా చెరువుల్లో చేరుతుంది. లెప్టోస్పైరోసిస్ జ్వరానికి కారణమైన సూక్ష్మజీవి అందులో ఉండవచ్చు. 1998లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో భారీ వర్షాల తరువాత ఒక సరస్సులో ట్రయాథ్లాన్ జరిగింది. అనంతరం ఆరోగ్యాధికారులు 834 మంది క్రీడాకారులను విచారించగా 98 మంది జ్వరపడినట్లు తేలింది. 2000లో మలేషియాలోని సబాలో జరిగిన సాహస పోటీ తరువాత విచారించిన 189 మందిలో 80 మందికి ఈ జబ్బు లక్షణాలు కనిపించాయి. అక్కడ నదిలో ఈదిన వారికే ముప్పు ఎక్కువగా ఉన్నట్లు గుర్తించారు.

అందుకే ఒంటిపై పుండ్లు, గీతలు ఉన్నవారు వాననీటి చెరువులో దిగరాదు. నీరు మింగకుండా జాగ్రత్తపడాలి. పోటీ ముగిసిన కొద్ది రోజులకు, లేదా మూడు నాలుగు వారాల లోపు, జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబారడం కనిపిస్తే వైద్యునికి ''నేను చెరువులో ఈదాను'' అని తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాట సకాలంలో చికిత్సకు దారి చూపుతుంది. సాధన మాత్రం శుభ్రమైన ఈతకొలనులోనే చేయాలి. ఇంటికి దగ్గరగా ఉన్నది కదా అని హుస్సేన్‌సాగర్ వైపు చూడరాదు. ఆ నీరు ఈతకు తగినది కాదు.

రెండవది దారి పరీక్ష. మన దక్కను నేలపై తడిసిన బండరాయి అద్దంలా జారుతుంది. నల్లరేగడి బురద చక్రానికి, చట్రానికి మధ్య పేరుకుని సైకిలును కదలనివ్వదు. టైరులో గాలి కాస్త తగ్గించుకోవాలి, మలుపుకు ముందే వేగం తగ్గించాలి, అవసరమైతే దిగి నడిపించుకుపోవాలి. అలా దిగి నడవడం అవమానమేమీ కాదు.

మూడవది దేహ పరీక్ష. మబ్బు పట్టినంత మాత్రాన ఎండదెబ్బ ముప్పు తొలగిపోదు. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు చెమట ఆరదు, ఒంటి వేడి తగ్గదు. తడిసిన బట్టలతో ఈదురుగాలిలో నిలిచిపోతే ఇందుకు విరుద్ధంగా ఒళ్లు చల్లబడిపోతుంది. వణుకు ఆగకపోయినా, మాట తడబడినా, దారి తోచకపోయినా వెంటనే ఆగి సహాయం కోరాలి. దేహం మనకు అప్పగించబడిన అమానతు. పతకం కోసం దానిని పణంగా పెట్టే అధికారం మనకు లేదు.

అయితే ఆగిపోవడం ఓటమి కాదా? 2021 జూలై 27 ఉదయం టోక్యో ఒలింపిక్స్ మహిళల ట్రయాథ్లాన్‌ను గుర్తు చేసుకుందాం. తుపాను వాతావరణం వల్ల పోటీ 15 నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. తడిసిన దారిపై పలువురు సైకిళ్ల మీది నుంచి పడిపోయారు. స్వర్ణం గెలిచినది బెర్ముడా అనే చిన్న ద్వీప దేశపు ఫ్లోరా డఫీ. ఆ దేశానికి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. జారే దారి ఆమెకు కొత్త కాదు. అంతకు ముందే ఆమె ఎక్స్‌టెర్రా ప్రపంచ విజేతగా పలుమార్లు నిలిచింది. ఇదే ఫ్లోరా 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పోటీని పూర్తిచేయలేకపోయింది. అక్కడ ఆగిపోయిన అడుగు పదమూడేళ్లకు గమ్యం చేరింది.

ఆ రోజు చివరి స్థానంలో వచ్చినది బెల్జియం క్రీడాకారిణి క్లెయిర్ మిషెల్. విజేత చేరిన సుమారు పావుగంట తరువాత గీత దాటి, నేలపై కూలబడి కన్నీరు పెట్టుకుంది. ఆమె కన్నా ముందే పోటీ ముగించిన నార్వే క్రీడాకారిణి లోట్టె మిల్లర్ వచ్చి, పక్కన కూర్చుని ఓదార్చింది. తోటివారి కన్నీటిని తుడిచిన ఆ దృశ్యం కూడా ఆనాటి పోటీ మిగిల్చిన విజయమే.

ఇక మన దోమలగూడ తల్లి ప్రశ్నకు వద్దాం. ''వెళ్లు'', ''వద్దు'' అనే రెండు మాటలే ఆమె ముందు లేవు. అబ్బా, అమ్మీ కొడుకుతో కలిసి కూర్చుని కొన్ని సంగతులు అడగవచ్చు. నిర్వాహకులు నీటిని పరీక్షించారా? రక్షక పడవలు, వైద్యులు ఉన్నారా? పిడుగులు పడితే ఈత రద్దు చేస్తారా? ఈ సైకిలుపై తడి దారిలో ఎన్నిసార్లు సాధన చేశావు? జవాబులు తృప్తికరంగా ఉంటే దుఆ చేసి సాగనంపవచ్చు. లేకుంటే మరుసటి పోటీ కోసం ఎదురుచూడవచ్చు. ముందు ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయాలన్న దైవప్రవక్త (స) ఉపదేశం మన ఇళ్లలో తెలియనిదేమీ కాదు.

సాగనంపేటప్పుడు మాత్రం ఆ తల్లి ''గెలిచి రా'' అనడం కన్నా ''ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగు బేటా, ఇంటి తలుపు తెరిచే ఉంటుంది'' అంటే చాలు. ఆ మాట తోడుంటే బురద దారిలో కుర్రవాడు నిర్భయంగా ముందుకు సాగగలడు. అవసరమైన చోట సిగ్గుపడకుండా వెనుదిరగనూ గలడు.