రోజు అద్దెకు ఇల్లు: తలుపు తెరిచే ముందు తీసుకోవలసిన అనుమతులు

గత షాబాన్ మాసంలో ఒకనాడు అస్ర్ నమాజు ముగిసిన తర్వాత, చాలా ఏళ్ళ క్రితం నా వద్ద చదువుకున్న శిష్యుడొకడు మదర్సాకు వచ్చాడు. సలాం చేసి కూర్చున్నాడే గాని చాలాసేపు నోరు విప్పలేదు. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి సమీపంలో వారికి సొంత ఇల్లుంది. తండ్రి మరణానంతరం పై అంతస్తును రోజుల లెక్కన అద్దెకివ్వసాగాడు. తల్లి మందులు, చెల్లెలి చదువు ఆ అద్దెతోనే గడుస్తున్నాయి. దిగేవారిలో ఎక్కువమంది వైద్యం కోసం పరాయి దేశాల నుండి వచ్చే రోగులు, వారి వెంట వచ్చే బంధువులు.

ఆ విధంగానే ఆఫ్రికా ఖండం నుండి ఒక తండ్రి, తన చిన్నారి కూతురికి గుండె శస్త్రచికిత్స చేయించడానికి వచ్చి వారి ఇంట్లో బస చేశాడు. చికిత్స అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం సాగింది. వీసా గడువు పొడిగించుకోవడానికి దరఖాస్తు చేయబోతే, ఆయన ఎక్కడ బస చేస్తున్నదీ తెలిపే 'ఫారం సి' చూపమన్నారు. ఇంటి యజమాని దాఖలు చేయవలసిన పత్రమది. నా శిష్యుడు ఏనాడూ దానిని దాఖలు చేయలేదు. పాపకు కుట్లు ఇంకా ఆరకముందే తండ్రి కార్యాలయాల చుట్టూ తిరిగాడు. ఈలోగా వీసా గడువు దాటిపోయింది. జరిమానా చెల్లించవలసి వచ్చింది.

"హజ్రత్, ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అద్దె పూర్తిగా చెల్లించి, మా అమ్మ కోసం దుఆ చేసి వెళ్ళాడు. అప్పటి నుండి నాకు నిద్ర పట్టడం లేదు. ఇరుగుపొరుగు అడిగితే 'మా బంధువులు' అని చెప్పేవాణ్ణి. మన ఇంటికి వచ్చిన అతిథి వివరాలు పోలీసులకు ఇవ్వడమేమిటి అనుకున్నాను. నేను తిన్న ఆ సొమ్ము హలాలేనా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న అతనొక్కడిది కాదు. ఆసుపత్రులు, విమానాశ్రయాలు, దర్గాలు, పర్యాటక స్థలాల సమీపంలో ఇళ్ళున్న అనేక కుటుంబాలు నేడు మొబైల్ ఫోన్ ద్వారా గదులను అద్దెకిస్తున్నాయి. కనుక ఆనాడు అతనికి చెప్పిన సమాధానాన్ని పాఠకుల ముందుంచుతున్నాను.

అద్దె ధర్మసమ్మతమే, అయితే...

ఇంటిని అద్దెకివ్వడాన్ని ధర్మశాస్త్రం 'ఇజారా' అంటుంది. ఇది నిస్సందేహంగా ధర్మసమ్మతం. ఒక నెలకైనా, ఒక రాత్రికైనా గడువు, అద్దె స్పష్టంగా నిర్ణయమైతే ఒప్పందం చెల్లుతుంది. మన మదర్సాలలో శతాబ్దాలుగా బోధిస్తున్న 'హిదాయా' గ్రంథంలో ఇజారా అధ్యాయం చదివినవారికి ఒక విషయం గుర్తుండే ఉంటుంది. ఇంట్లో ఏ పని చేసుకుంటారో చెప్పకపోయినా, నివాసానికి ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు. కాని అందులో కమ్మరిని గాని, పిండి విసిరేవాణ్ణి గాని, బట్టలు చలువ చేసేవాణ్ణి గాని దింపకూడదు. ఎందుకంటే ఆ పనుల దెబ్బలకు కట్టడం దెబ్బతింటుంది.

ఈ చిన్న మసలాలో పెద్ద సూత్రం ఇమిడి ఉంది. ఇల్లు వాడుకునే హక్కు ఉన్నంత మాత్రాన ఎలాగైనా వాడుకునే హక్కు లేదు. ఆ కాలంలో సుత్తి దెబ్బకు గోడ అదిరేది. నేడు వారానికి నాలుగు కొత్త కుటుంబాలు దిగే ఫ్లాటు వల్ల పక్కింటివారి నిద్ర, నీళ్ళు, లిఫ్టు, వాహనాల స్థలం, స్త్రీల పరదా అన్నీ ప్రభావితమవుతాయి. ఒకరు మరొకరికి హాని చేయరాదనీ, హానికి ప్రతిగానైనా హాని తలపెట్టరాదనీ దైవప్రవక్త (స) బోధించారు. పొరుగువాని హక్కును గురించి జిబ్రయీల్ (అలై) ఎంతగా తాకీదు చేశారంటే, పొరుగువానికి వారసత్వంలో సైతం వాటా కల్పిస్తారేమోనని ప్రవక్త (స) భావించారు.

అతిథి వేరు, అద్దెదారు వేరు

"మా ఇంటి అతిథి" అన్న మాటను నా శిష్యుడు కవచంగా వాడుకున్నాడు. అతిథి మర్యాద మూడు రోజులనీ, ఆపైన చేసేది దానమనీ హదీసులలో ఉంది. ఆ మర్యాదకు మూల్యం లేదు. సొమ్ము పుచ్చుకున్న క్షణం నుండి ఆ వ్యక్తి అద్దెదారు. అతనికి మన మీద హక్కులు ఏర్పడతాయి. చెప్పిన గది ఇవ్వడం, ఏకాంతాన్ని కాపాడడం, చట్టపరంగా అతనికి చిక్కులు రాకుండా చూడడం అందులో భాగాలు.

దివ్య ఖుర్ఆన్ నూర్ సూరాలో, ఇతరుల ఇళ్ళలోకి అనుమతి కోరి, సలాం చేసిన తర్వాతనే ప్రవేశించమని ఆదేశం ఉంది (24:27). ఆ వెనువెంటనే, ఎవరి నివాసమూ కాని, మీకు ప్రయోజనమున్న ఇళ్ళలో ప్రవేశించడం దోషం కాదన్న సడలింపు కూడా ఉంది (24:29). బాటసారులు దిగే సత్రాలు దీని కిందికి వస్తాయని పలువురు వ్యాఖ్యాతలు వివరించారు. అంటే కుటుంబ నివాసానికి ఒక నియమం, రాకపోకల బసకు మరొక నియమం ఉన్నాయి. ఇంటిని సత్రంగా మార్చినవాడు ఆ మార్పును దాచిపెట్టి, రెండింటి సౌలభ్యాన్నీ తానే పొందాలనుకోవడం న్యాయం కాదు.

బస మీద నియమాలు కొత్తవి కావు

యాత్రికులకు ఇచ్చే బస గురించిన చర్చ మక్కా నగరం నుండే మొదలైంది. మస్జిదె హరామ్ విషయంలో స్థానికులు, బయటివారు సమానమని హజ్ సూరా తెలుపుతోంది (22:25). దీనిని ఆధారం చేసుకుని మక్కా ఇళ్ళకు అద్దె తీసుకోవచ్చునా అన్న విషయాన్ని ధర్మవేత్తలు లోతుగా చర్చించారు. హజ్ కాలంలో యాత్రికుల నుండి అద్దె వసూలు చేయడాన్ని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అయిష్టకరంగా భావించారు. ఇమామ్ షాఫిఈ (రహ్మ) అనుమతించారు. యాత్రికులు సులువుగా దిగేందుకు వీలుగా ఇళ్ళకు తలుపులు బిగించవద్దని హజ్రత్ ఉమర్ (రజి) మక్కావాసులను వారించినట్లు ఉల్లేఖనాలున్నాయి. అభిప్రాయాలు వేరైనా, ప్రజాహితం కోసం సొంత ఇంటి వాడకం మీద సైతం పాలకుడు కట్టుబాటు విధించవచ్చునన్న సంగతి ఇందులో స్పష్టం.

నేటి నగరాలు చేస్తున్నదీ అదే. న్యూయార్క్‌లో 30 రోజులకన్నా తక్కువ కాలానికి ఇల్లు అద్దెకివ్వాలంటే యజమాని నగర కార్యాలయంలో నమోదు చేసుకోవాలి, అతిథులున్నంత కాలం తానూ ఆ ఇంట్లోనే ఉండాలి, ఇద్దరికన్నా ఎక్కువమందిని దింపరాదు. 2023 సెప్టెంబరు నుండి ఈ నిబంధన గట్టిగా అమలవుతోంది. లండన్‌లో ప్రత్యేక అనుమతి లేకుండా ఏడాదికి 90 రాత్రులు మించకూడదు. జపాన్ 2018లో అమలులోకి తెచ్చిన చట్టం ఏడాదికి 180 రోజుల పరిమితి పెట్టింది. బార్సిలోనా నగరమైతే పదివేలకు పైగా ఉన్న పర్యాటక ఫ్లాట్ల అనుమతులను 2028 చివరికల్లా రద్దు చేస్తామని ప్రకటించింది. స్థానికులకు కాపురానికి ఇళ్ళు దొరక్కపోవడం, అద్దెలు పెరిగిపోవడం ఈ కట్టడికి ప్రధాన కారణాలు. ఆ దేశాలలో స్థిరపడిన మన పిల్లలు ఇల్లు అద్దెకిచ్చే ముందు ఈ సంగతులు విచారించుకోవాలి.

మన వద్ద ఏమి చేయాలి?

మొదటిది, విదేశీయుల వివరాలు. విదేశీయుడికి బస కల్పించినవాడు హోటలు యజమాని అయినా, మామూలు గృహస్థు అయినా, అతను వచ్చిన 24 గంటల్లోగా పాస్‌పోర్టు, వీసా వివరాలను నమోదు అధికారికి తెలియజేయాలి. జనం 'ఫారం సి' అని పిలిచేది దీన్నే. ఆన్‌లైన్‌లో ఒకసారి యజమానిగా పేరు నమోదు చేసుకుంటే, తర్వాత ఇంట్లో కూర్చునే దాఖలు చేయవచ్చు. ఇందుకు హైదరాబాదులో విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం ఉంది. మిగిలిన జిల్లాలలో సాధారణంగా జిల్లా పోలీసు అధికారి ఆ బాధ్యత చూస్తారు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చినా ఈ బాధ్యత తొలగిపోలేదు. అతిథి ముస్లిం అయినా, దూరపు బంధువే అయినా మినహాయింపు లేదు.

రెండవది, వసతి నమోదు. కేంద్ర పర్యాటక శాఖ హోంస్టే పథకంలో, యజమాని కుటుంబంతో సహా నివసించే ఇంట్లో ఒకటి నుండి ఆరు గదుల వరకు నమోదు చేయించుకోవచ్చు. సదుపాయాలను బట్టి గోల్డ్, సిల్వర్ శ్రేణులు ఇస్తారు. రాష్ట్ర పర్యాటక శాఖ, పురపాలక కార్యాలయాలలో కూడా స్వయంగా విచారించాలి. నివాస గృహంగా పన్ను కడుతూ వ్యాపారం నడిపితే అది తర్వాత చిక్కుగా మారవచ్చు.

మూడవది, పన్నులు. అద్దె రాబడిని ఆదాయపు పన్ను లెక్కలో చూపాలి. బుకింగ్ వేదికల ద్వారా గదులిచ్చే చిన్న యజమానికి జీఎస్టీ నమోదు లేకపోతే, ఆ పన్నును వేదికే చెల్లించే ఏర్పాటు చట్టంలో ఉంది.

నాల్గవది, పొరుగువారి సమ్మతి. అపార్టుమెంటు సంఘం నియమావళిని చదివి, వ్రాతపూర్వకంగా అనుమతి కోరాలి. తానే అద్దెకున్నవాడు యజమానికి తెలియకుండా గదిని రోజు అద్దెకివ్వడం ఒప్పంద ఉల్లంఘన. ముస్లిములు తాము అంగీకరించిన షరతులకు కట్టుబడి ఉంటారన్నది హదీసు సారాంశం.

ఐదవది, అతిథి ఏకాంతం. భద్రత కోసం కెమెరా పెడితే వీధి గుమ్మం వైపు పెట్టి, ఆ సంగతి ముందే చెప్పాలి. గదిలో నిఘా పెట్టడం నేరం. ఇతరుల గుట్టు కూపీ లాగడాన్ని ఖుర్ఆన్ నిషేధించింది (49:12). మద్యం వంటివి వద్దనుకుంటే ఆ షరతునూ ముందుగానే వ్రాసి ఉంచాలి.

ఆ సొమ్ము సంగతి

నా శిష్యుడితో ఇలా అన్నాను: "నాయనా, నీవు ఇచ్చింది నిజమైన గది, తీసుకున్నది దానికి తగిన అద్దె. ఒప్పందం చెల్లింది గనుక అద్దె సొమ్మును హరామ్ అనను. కాని 'బంధువులు' అని చెప్పింది అబద్ధం. దానికి తౌబా చేయాలి. దాఖలు చేయవలసింది చేయక ఒక రోగి తండ్రికి నష్టం కలిగించావు. అది దాసుల హక్కు. ఆయనను క్షమాపణ కోరాలి. నీ అశ్రద్ధ వల్ల ఆయన కట్టిన జరిమానా నీ మీద అప్పు."

అతను ఆ తండ్రికి ఫోను చేసి క్షమాపణ కోరాడు, జరిమానా సొమ్ము పంపించాడు. పొరుగువారి ఇళ్ళకు వెళ్ళి నిజం చెప్పాడు. నమోదు పూర్తయ్యే వరకు పై అంతస్తుకు తాళం వేశాడు. ఆ రెండు నెలలు ఇల్లు గడవడం కష్టమైంది. తల్లి మందుల కోసం అప్పు కూడా చేశాడు. నేడు ఆ గుమ్మం పక్కనే బల్ల మీద ఒక రిజిస్టరు ఉంటుంది. అతిథి సామాను దించకముందే పాస్‌పోర్టు వివరాలు అందులోకి ఎక్కుతాయి. "ఇప్పుడు ఎవరైనా తలుపు తడితే గుండె దడ లేదు హజ్రత్" అన్నాడు మొన్న కలిసినప్పుడు.

సోదర సోదరీమణులారా! ప్రభుత్వ కాగితాన్ని తలనొప్పిగా చూడడం మనకు అలవాటైంది. కాని పరాయి దేశంలో బిడ్డను ఆసుపత్రిలో పడుకోబెట్టుకున్న తండ్రికి ఆ కాగితమే అండ. మన గడప దాటి లోపలికి వచ్చినవాడు మన చేతిలో అమానతు. అమానతును గురించి రేపు ప్రళయదినాన ప్రశ్నించబడతాము.

అల్లాహ్ మన ఇళ్ళను శాంతి నిలయాలుగా, మన సంపాదనలను పరిశుద్ధమైనవిగా చేయుగాక! ఆమీన్.