చూసి వేస్తే కాపీ కొట్టినట్టేనా?



డ్రాయింగు తరగతిలో ఈ నెల వాన్ గో పొద్దుతిరుగుడు పూల బొమ్మను చూసి వేయిస్తున్నాం. "పరీక్షలో చూసి రాస్తే తప్పు, ఇక్కడ మీరే చూసి వేయమంటారేం సార్?" అని ఒక తండ్రిగారు అడిగారు. అడగవలసిన మాటే. పరీక్షలో చూసి రాసేవాడు ఆలోచన తప్పించుకుంటాడు. ఇక్కడ ఆలోచించకపోతే చెయ్యే కదలదు.

వాన్ గో ఈ పూలను 1888 ఆగస్టులో, ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణంలో వేశాడు. మిత్రుడు గోగాన్ వస్తున్నాడని, అతని గదిలో పెట్టడానికి. 1889 జనవరిలో తన బొమ్మల్నే చూసి మళ్లీ వేశాడు. ఆ తర్వాత మిల్లే చిత్రాల నలుపు తెలుపు అచ్చులు ముందు పెట్టుకొని, రంగులు తనే ఊహించి వేశాడు. అంతటివాడే చూసి నేర్చుకున్నాడు!

ఆ బొమ్మలో రంగు ముద్దముద్దగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. లండన్ నేషనల్ గ్యాలరీ వెబ్‌సైట్‌లో పెద్దది చేసి చూడండి. రేకకు కుంచె రేక పొడవునా సాగింది. గింజల దగ్గర పొడిచి పొడిచి వదిలాడు. ఇది కనిపెట్టడమే సగం పాఠం.

ఇంట్లో ఇలా చేయండి. మందపాటి అట్ట మీద పూలు, కూజా, బల్ల అంచు పెన్సిలుతో గీయండి. వాల్ పుట్టీ పొడి, ఫెవికాల్ ముద్దగా కలపండి. ఇది పెద్దలే కలపాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఆ ముద్దను పాత కత్తితోనో ఐస్‌క్రీం పుల్లతోనో పూల మీద మాత్రమే, రేక వాలిన వైపుకే లాగండి. ఒక రోజంతా ఆరనివ్వండి. పచ్చిగా ఉండగా రంగు వేస్తే ఊడొస్తుంది. తర్వాత ఆక్రిలిక్ రంగులు: ముందు ముదురు పసుపు, గోధుమ రంగు. ఆరాక, ఉబ్బిన చోట లేత పసుపు.

చివరగా, వెనుక "వాన్ గో చిత్రం చూసి వేసినది" అని రాసి, కింద మీ పేరు పెట్టండి. ఆ ముక్క రాయకుండా పేరు పెడితే మాత్రం అది కాపీయే. చేయి బాగా తిరిగినవాళ్లు కూడా ఇది మరవద్దు.

ఆ తర్వాత ఇంట్లో చెంబులో నాలుగు బంతిపూలు పెట్టి, అదే పద్ధతిలో వేయండి. దానికి ఎవరి పేరూ చేర్చక్కర్లేదు. అది మీదే. రెండు బొమ్మలూ బడికి తీసుకురండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.

– ప్రధానోపాధ్యాయులు